సారా సిడన్స్ కింద పెట్టిన కొవ్వొత్తి

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో నాటకం నేర్చుకుంటున్న పిల్లలు కనిపిస్తున్నారు. ఈ పూట నా మాటలు ముఖ్యంగా వాళ్లకే. పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లిష్ నాటక నటి సారా సిడన్స్ గురించి, అందులోనూ ఆమె చేతిలోని కొవ్వొత్తి గురించి చెప్తాను.

షేక్‌స్పియర్ రోజుల్లో ఆడవేషాలన్నీ మగపిల్లలే కట్టేవాళ్లు. స్థానం నరసింహారావు గారి సత్యభామ గురించి విన్న మనకు అదేం వింత కాదు. సారా కాలానికి ఆ వేషాలు ఆడవాళ్లే వేస్తున్నారు. ఆమె పుట్టింది 1755లో, వేల్స్‌లో, ఊరూరా తిరిగి నాటకాలాడే కుటుంబంలో. ఇరవయ్యేళ్లకి, బిడ్డను కన్న రెండు నెలల్లోపే, లండన్‌లోని డ్రూరీ లేన్ థియేటర్‌లో షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్' నాయిక పోర్షియా వేషం వేసింది. టెన్షన్‌తో గొంతు వణికిపోయింది, జనానికి సరిగ్గా వినపడలేదు. ఆ సీజన్ అయ్యాక థియేటర్ వాళ్లు మళ్లీ పిలవలేదు. ఆ తర్వాత ఆరేళ్లు యార్క్, బాత్ లాంటి ఊళ్లలో ఆడి, 1782లో అదే డ్రూరీ లేన్‌కి తిరిగొచ్చి లండన్‌ను కంటతడి పెట్టించింది.

షేక్‌స్పియర్ 'మాక్‌బెత్'లో రాజును చంపమని భర్తను ఉసిగొల్పి, తర్వాత చేతులకు నెత్తుటి మరక ఉందనుకుంటూ నిద్రలో నడిచే ఆవిడ లేడీ మాక్‌బెత్. ఆ పాత్రను సారా మొదట నేర్చుకున్నది కూడా ఇరవయ్యేళ్లప్పుడే. అందరూ పడుకున్నాక ఒక్కతే కూర్చుని పాఠం బట్టీ పట్టసాగింది. హత్య ఘట్టం వచ్చేసరికి వణుకు పుట్టింది. కొవ్వొత్తి పట్టుకుని మెట్ల మీద పరిగెత్తింది. తన పట్టుబట్టల గరగరే ఎవరో వెంటపడుతున్నట్టు అనిపించిందట. గదిలో కొవ్వొత్తి బల్ల మీద పెట్టి, దాన్ని ఆర్పే ధైర్యం లేక, బట్టలైనా మార్చుకోకుండా మంచమెక్కేసింది. ఈ సంగతి ఆమే రాసుకుంది.

ఇక 1785 ఫిబ్రవరి 2. డ్రూరీ లేన్‌లో ఆమె లేడీ మాక్‌బెత్ మొదటి రాత్రి. మేకప్ గదిలో తయారవుతుంటే థియేటర్ నడిపే షెరిడన్ వచ్చి తలుపు కొట్టాడు. నిద్రలో నడిచే సీనులో కొవ్వొత్తి కింద పెడతావటగా, వద్దు అన్నాడు. అంతకుముందు ఆ పాత్రలో పేరు తెచ్చుకున్న మిసెస్ ప్రిచర్డ్ దాన్ని ఎప్పుడూ చేతిలోనే ఉంచుకునేది. ఆ ప్రిచర్డ్ నాటకం మొత్తం ఒక్కసారైనా చదవలేదని ఆనాటి పేరున్న రచయిత డాక్టర్ జాన్సన్ చెప్తే, సారా నమ్మలేకపోయింది.

సారా మొత్తం చదివింది. పిల్లలూ, మీరూ ఆ సీను తీసి చూడండి. లేడీ మాక్‌బెత్ పక్కన ఎప్పుడూ దీపం ఉండాల్సిందేనని, అది ఆమె ఆజ్ఞ అని దాసి చెప్తుంది. చేతులు కడుక్కుంటున్నట్టు పావుగంట సేపు రుద్దుకోవడం తాను చూశానని కూడా చెప్తుంది. ఒక చేతిలో కొవ్వొత్తి ఉంటే రెండు చేతులూ రుద్దుకునేదెలా? చీకటంటే అంత భయపడే మనిషి ఆ దీపాన్ని వదిలేసిందంటే, ఆ నెత్తుటి మరక ఆమెను ఎంతగా పట్టి పీడిస్తుందో చూడండి. నాకు ఆ పాత్ర అర్థమైంది అక్కడే.

షెరిడన్ మాటను సారా వినలేదు. కొవ్వొత్తి కింద పెట్టింది. ఆట అయ్యాక షెరిడనే వచ్చి, నీ మొండితనానికి అభినందనలు అన్నాడు.

1812 జూన్ 29న, లండన్‌లోనే మరో థియేటర్ కోవెంట్ గార్డెన్‌లో, వీడ్కోలు రాత్రి కూడా ఆమె అదే పాత్ర వేసింది. నిద్రలో నడిచే సీను అయిపోయింది. నాటకం ఇంకా మిగిలే ఉంది. జనం దాన్ని సాగనివ్వలేదు. తెర దించేశారు. కాసేపటికి ఆమె తెల్లబట్టల్లో ఒంటరిగా ముందుకొచ్చి సెలవు తీసుకుంది.