నువ్వుల నూనె ఒకటి కాదు, రెండు!

[బల్ల మీద రెండు గాజు గిన్నెలు. ఒకదానిలో లేత పసుపు నూనె, రెండోదానిలో ముదురు గోధుమరంగు నూనె.]

ఈ రెండు గిన్నెలూ చూడండి. రెండింటి సీసాల మీదా ఉన్న పేరు ఒకటే, సెసమీ ఆయిల్. ఈ పేరు చూసే పోయిన వేసవిలో డాలస్‌లో ఉండే మా చెల్లి అంత పని చేసింది. ఇండియన్ స్టోర్ దూరమని ఇంటి పక్కనున్న ఏషియన్ మార్కెట్‌కి వెళ్లి, ఇదిగో ఈ నల్లటి నూనె నాలుగు సీసాలు తెచ్చి ఆవకాయ కలిపేసింది. మూడో రోజు తిరగకలుపుదామని జాడీ మూత తీసి వీడియో కాల్ చేసింది. "అక్కా, ఆవకాయ నూడుల్స్ బండి వాసన వస్తోందే, కాయ పాడైందంటావా?" అని. కాయకేం రోగమే, ముందు ఆ సీసా చూపించు అన్నాను.

అప్పట్నుంచి నాకు ఈ విషయం మీద చిరాకు. తనొక్కతే అయితే సరే అనుకుందును, కానీ వంటల గ్రూపుల్లో తరచూ ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు, నువ్వుల నూనె వేడి చేయకూడదట కదా, మరి మీరు పోపు ఎలా పెడుతున్నారు అని. వాళ్లు చదివింది ఈ గిన్నెలో ముదురు నూనె గురించి, మనం పోపు పెట్టేది ఆ గిన్నెలో లేత నూనెతో.

ఒక్క మాటలో చెప్తాను. పచ్చి శనగపప్పు, పుట్నాలు. రెండూ శనగల నుంచే వస్తాయి. కానీ పుట్నాలు ఉడకబెట్టి బొబ్బట్లలో పూర్ణం చేద్దామని మీకెవరికైనా అనిపించిందా? పచ్చి శనగపప్పు జేబులో పోసుకుని సినిమాకెళ్లి నమిలారా? ఇక్కడ జరిగింది కూడా అంతే. మన గానుగలో పచ్చి నువ్వులు ఆడతారు, అది శనగపప్పు. చైనా, కొరియా, జపాన్‌లలో నువ్వుల్ని ముందు బాగా వేయించి, తర్వాత నూనె తీస్తారు, అది పుట్నాలు. తేడా ఏమిటంటే పప్పుకి రెండు పేర్లున్నాయి, పాపం నూనెకి ఒకటే పేరు.

[తెల్ల సాసర్ మీద ఒక్కో చుక్క వేస్తూ]

దగ్గరగా చూపించండి... ఆ, ఇలా. మనది ఎండుగడ్డి రంగులో పాకుతోంది చూశారా, వాసన రావాలంటే ముక్కు దగ్గర పెట్టుకోవాలి. ఇది చూడండి, పాకం ముదిరిన రంగు. బల్లకి ఈ చివర కూర్చున్నా నాకు వాసన కొడుతోంది. బ్రెడ్ కాలినప్పుడు, కాఫీ గింజలు వేగినప్పుడు జరిగేదే నువ్వులు వేగినప్పుడూ జరుగుతుంది. వాటిలో ఉండే చక్కెరలు, మాంసకృత్తులు వేడికి కలిసిపోయి కొత్త వాసనలు పుడతాయి. ఆ వాసనలన్నీ నూనెలోకి దిగిపోతాయి.

అందుకే దాంతో పోపు పెట్టరు. పుట్నాల్ని మళ్లీ మూకుడులో వేసి పెద్ద మంట పెడితే ఏమవుతుంది? మాడతాయి, చేదెక్కుతాయి. ఆల్రెడీ వేగినదాన్ని మళ్లీ ఎందుకు వేయించడం? కాబట్టి కొరియా వాళ్లు బిబింబాప్, అంటే కూరలు పైన పేర్చిన అన్నం, అంతా సర్దేశాక చివర్లో ఒక చెంచా పైన తిప్పుతారు, మనం పప్పన్నంలో నెయ్యి వేసుకున్నట్టు. చైనాలో దీన్ని షియాంగ్ యూ అంటారు, సువాసన నూనె అని అర్థం. పేరులోనే దాని ఉద్యోగం ఏమిటో చెప్పేశారు.

ఇక్కడ ఇంకో అపోహ కూడా తీసేద్దాం. నల్ల నూనె వేస్తే ఆవకాయ పాడైపోతుందని కాదు. నువ్వుల్లో సెసమోలిన్ అనే పదార్థం ఉంటుంది, వేడి తగిలితే అది సెసమోల్‌గా మారి నూనె చెడు వాసన పట్టకుండా కాపాడుతుంది. అంటే నిల్వ విషయంలో నల్ల నూనెని తప్పుపట్టడానికేం లేదు. గొడవంతా రుచితోనే. ఆవకాయలో నూనె కాచకుండా పచ్చిగానే పోస్తాం, ముక్కల మీదికి తేలేదాకా పోస్తాం, ఏడాదంతా ముక్క అందులోనే ఊరుతుంది. అన్ని గిన్నెల నూనె పోసి, అదేమో చెంచాతో చల్లుకునే రకమైతే, ఆవపిండి ఘాటు ఎక్కడ తెలుస్తుంది?

సరే, నాకు ఇష్టమైన సంగతికి వస్తున్నా, దీనికోసమే ఈ వీడియో చేశానన్నా తప్పులేదు. నూనె అన్న మాట ఎక్కడిదో తెలుసా? నూవు అంటే నువ్వుగింజ, దానికి నెయ్యి చేరితే నూనె. నువ్వుల నుంచి తీసిన నెయ్యి అన్నమాట. తమిళంలోనూ అంతే, ఎళ్ అంటే నువ్వు, ఎళ్ నెయ్ కలిసి ఎణ్ణెయ్. సంస్కృతంలో తిలల నుంచి తైలం. అంటే నువ్వుల నూనె అన్నప్పుడల్లా మనం నువ్వుల్ని రెండుసార్లు పిలుస్తున్నాం, కొబ్బరినూనె అంటే కొబ్బరి నువ్వుల నెయ్యి అవుతుంది! ఇంగ్లీషు వాళ్లేం తక్కువ కాదు, వాళ్ల ఆయిల్ అనే మాట కూడా గ్రీకులో ఆలివ్ పేరు నుంచే వచ్చింది, ఆలివ్ ఆయిల్ అని వాళ్లూ రెండుసార్లు అంటున్నారు. ఏ ఊళ్లో ఏది పండితే అక్కడ నూనె అంటే అదే. వేరుశనగ దక్షిణ అమెరికా నుంచి మన దగ్గరికి రాకముందు, పొద్దుతిరుగుడు ఊసే లేనప్పుడు, మన వంటింట్లో పెద్దపీట దీనిదే. కోస్తాలో పప్పునూనె అనేవాళ్లు, మంచినూనె అన్నా ఇదే. కొరియా వాళ్లు చామ్‌గిరుమ్ అంటారు, చామ్ అంటే అసలైన, గిరుమ్ అంటే నూనె. వాళ్లకి అసలు నూనె, మనకి మంచినూనె!

అబ్బా, టైం చూస్తే దాటిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా. తీసే పద్ధతి కూడా వేరు, మన పాత పద్ధతి ఎద్దు గానుగ, నూనె పోగా మిగిలింది తెలగపిండి, మునగాకు వేసి దాంతో కూర చేస్తే నాకు ఇంకేం అక్కర్లేదు. చైనాలో పాత పద్ధతి ఏంటంటే వేయించిన నువ్వుల్ని తిరగలిలో మెత్తగా ముద్ద చేసి, వేడినీళ్లు పోసి కలుపుతూ ఉంటారు, నూనె పైకి తేలుతుంది. యెమెన్‌లో గానుగకి ఒంటెని కడతారు. బాబిలోనియాలో, అంటే ఇప్పటి ఇరాక్ ప్రాంతంలో, నువ్వుల నూనె తప్ప ఇంకో నూనె వాడరని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ దాదాపు 2,400 ఏళ్ల కిందటే రాశాడు. జపాన్‌లో మాత్రం రెండూ ఉన్నాయి, వేయించకుండా తీసిన తెల్ల నూనెని తైహాకు అంటారు, టెంపురా, అంటే వాళ్ల బజ్జీల్లాంటివి, వేయించడానికి కూడా వాడతారు. చూశారా, శనగపప్పూ పుట్నాలూ ఒకే ఇంట్లో!

విదేశాల్లో ఉన్నవాళ్లకి ఒక్క మాట. సీసా మీద జింజెల్లీ అని ఉంటే దాదాపుగా మన రకమే, టోస్టెడ్ అని ఉంటే పుట్నాల రకం. ఏదీ రాయకపోతే సీసా వెలుతురుకి ఎత్తి రంగు చూడండి, కాఫీ డికాషన్‌లా ఉంటే అక్కడే పెట్టేయండి. పెట్టేయండి అంటే ఆవకాయకి మాత్రమే, వంటింట్లో చిన్న సీసా ఒకటి ఉంటే మంచిదే.

మా చెల్లి జాడీ ఏమైందంటారా? పారేయలేదు. పైన తేలిన నూనె వంచి వేరే సీసాలో పోసింది, వాళ్లాయన ఫ్రైడ్ రైస్‌లో చివర్న చెంచా వేసుకుని తింటున్నాడు, బాగుందంటున్నాడు కూడా. ముక్కలు మాత్రం ఇంకా ఆ జాడీలోనే ఉన్నాయి, ఎవరూ ముట్టుకోవట్లేదు.