అటక మీద సంచి

యాంకర్: నమస్కారం, మాట్లాడండి. ఎక్కడి నుంచి చేస్తున్నారు?

శ్రోత: విజయవాడ సింగ్‌నగర్ నుంచండి. పేరు వద్దులెండి. ఇంత చిన్న విషయానికి ఫోన్ చేశానంటే మా ఇంట్లోవాళ్లే నవ్వుతారు.

డాక్టర్: నవ్వనివ్వండి. చెప్పండమ్మా.

శ్రోత: 2024 సెప్టెంబరు 1, ఆదివారం, బుడమేరు నీళ్లు ఇళ్లలోకి వచ్చాయి కదండీ, అప్పుడు పై వాటాలోకి ఎక్కాం. పిల్లలు, మా అత్తగారు, గ్యాస్ బండ, సర్టిఫికెట్లు అన్నీ పైకి చేరాయి, నా నోటు పుస్తకాలు మాత్రం మంచం కింద ట్రంకు పెట్టెలో ఉండిపోయాయి. ఇరవై రెండేళ్లవండి. మా అమ్మ మంగళహారతులు, గొబ్బి పాటలు పాడుతుంటే రాసుకున్నవి సగం, నేను రాసిన కథలు సగం. నీళ్లు తీశాక పెట్టె తెరిస్తే అంతా బురద ముద్ద. టీవీ, ఫ్రిజ్ పోయినందుకు అందరూ అయ్యో అన్నారు. దీనికి మాత్రం "ప్రాణాలు దక్కాయి కదా, పుస్తకాలదేముంది" అన్నారు. నిజమే కదండీ? అయినా గట్టిగా వాన పడితే నాకు ముందు ఆ పెట్టే గుర్తొస్తుంది.

డాక్టర్: ప్రాణాలు దక్కాయన్న సంతోషం ఉంటే పుస్తకాల బాధ ఉండకూడదని ఎవరన్నారు? రెండూ ఉంటాయి. మీ అమ్మగారు ఉన్నారా?

శ్రోత: పోయి ఆరేళ్లయిందండి.

డాక్టర్: ఊ... మరి ఆ పుస్తకాలతో ఆవిడ మళ్లీ పోయినట్టు ఉండదా? ఇది చిన్న విషయమని ఇంకెవరితోనూ అనకండి. ఆ ముద్దను ఏం చేశారు?

శ్రోత: (కాసేపు ఆగి) పారెయ్యలేదండి. సంచిలో కట్టి అటక మీద పెట్టా. పండగకి బూజులు దులిపినప్పుడల్లా మా ఆయన తీసెయ్యమంటారు.

డాక్టర్: తీయకండి. ఏ పెన్నుతో రాశారు?

శ్రోత: పెన్నా అండీ? పాతవన్నీ బాల్‌పెన్నే. తర్వాత్తర్వాత పిల్లల జెల్ పెన్నులు.

డాక్టర్: బాల్‌పెన్ను సిరాలో నూనె ఉంటుంది, నీళ్లకు అంత తేలిగ్గా పోదు. జెల్ పెన్నుతో రాసినవి కరిగిపోయి ఉండొచ్చు, వాటి మీద ఎక్కువ ఆశ పెట్టుకోకండి. అమ్మగారి పాటలు పాత పుస్తకాల్లోనేగా? అతుక్కున్న పేజీలు మీరు లాగితే చిరిగిపోతాయి, పాత కాగితాలు బాగుచేసేవాళ్లకే చూపించండి. సంచి విప్పితే మాస్కు పెట్టుకోండి, బూజు ఉంటుంది. 2000 ఆగస్టు వరదల్లో హైదరాబాద్ బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లొచ్చి పాత ఉర్దూ పుస్తకాలు తడిసిపోతే, ఓపిగ్గా ఆరబెట్టి చాలావాటిని నిలబెట్టుకున్నారు. ఇక కథలంటారా, అన్నీ మళ్లీ రాసేద్దామని మాత్రం కూర్చోకండి, మొదటి పేరా దాటకముందే పాతదే బాగుందనిపించి ఏడుపొస్తుంది. ఒట్టి పేర్లు రాయండి. పేరు గుర్తులేకపోతే "బావి దగ్గర పోట్లాట కథ" అని రాసినా చాలు. పాటలు ఇంకెవరికైనా వచ్చా?

శ్రోత: గుడివాడలో మా చెల్లెలికి కొన్ని వచ్చండి. దాన్ని అడగనేలేదు, ఏడుస్తుందని.

డాక్టర్: ఏడవనివ్వండి, తర్వాత పాడించి ఫోన్‌లో రికార్డు చేయండి.

యాంకర్: కథలు ఎక్కడైనా అచ్చయ్యాయా అమ్మా?

శ్రోత: రెండు వారపత్రికలో వచ్చాయండి, ఆ కాపీలూ అందులోనే పోయాయి.

యాంకర్: అయితే వెతకొచ్చు. వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918లో పెట్టిన లైబ్రరీ, పాత పత్రికలకు పేరు. ఏ ఏడాదో గుర్తుంటే రాసి అడిగి చూడండి.

డాక్టర్: ఒక్క మాట. నిద్ర పడుతోందా?

శ్రోత: వాన లేనప్పుడు పడుతుందండి.

డాక్టర్: వానాకాలం అంతా ఇలాగే ఉంటే 14416కి చేయండి, టెలి మానస్ అని మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

శ్రోత: సరేనండి. మా ఆయన పక్కనే ఉండి వింటున్నారు... సంచి అటక మీద వద్దట, అక్కడ వాన కారుతుందట. బీరువా మీద పెడదాం అంటున్నారు.