గ్లాసు బియ్యం అంటే ఎన్ని గ్రాములు?

నమస్కారమండీ. ఇంట్లో మనకు తెలిసిన లెక్క "గ్లాసు బియ్యానికి రెండు గ్లాసుల నీళ్లు". బిర్యానీ చేద్దామని వీడియో పెడితే అందులో "బాస్మతి 500 గ్రాములు" అంటారు. గ్లాసును గ్రాముల్లోకి ఎలా మార్చాలో ఈ రోజు కాటా మీద పెట్టి చూద్దాం.

ముందు మీ గ్లాసు ఎంత పడుతుందో తెలియాలి. స్టీలు గ్లాసుల్లో 200 మిల్లీలీటర్లవీ ఉంటాయి, 300వీ ఉంటాయి. ఖాళీ గ్లాసు కాటా మీద పెట్టి సున్నా చేయండి. అంచు దాకా నీళ్లు పోయండి. 250 గ్రాములు చూపిస్తే అది 250 మిల్లీలీటర్ల గ్లాసు. నీళ్లు పారబోసి బాగా తుడిచాకే బియ్యం పోయండి, తడి ఉంటే గింజలు అంటుకుని లెక్క తప్పుతుంది.

బియ్యం నీళ్లంత బరువు తూగవు. గింజకీ గింజకీ మధ్య గాలి ఉంటుంది కదా! అందుకే లీటరు డబ్బాలో పట్టే బియ్యం 800 గ్రాముల చుట్టుపక్కలే ఉంటాయి. మిల్లీలీటర్లను 0.8తో గుణిస్తే గ్రాములు వస్తాయి, గ్రాములను 0.8తో భాగిస్తే మిల్లీలీటర్లు. రకాన్ని బట్టి కొంచెం తేడా ఉంటుంది. 240 మిల్లీలీటర్ల కప్పుతో బాస్మతి 185 గ్రాముల దాకా, సోనా మసూరి 195 దగ్గర, పొట్టి గింజ 200 దగ్గర తూగుతాయి. అటుకులకు మాత్రం ఈ లెక్క వాడకండి, అవి చాలా తేలిక.

ఇప్పుడు దగ్గరగా చూడండి. కప్పులో బియ్యం వదులుగా పోసి, చాకు వీపుతో అంచుకు సమానంగా గీశాం. ఇదే కప్పును గట్టు మీద నాలుగుసార్లు తడితే బియ్యం కిందికి దిగింది, పైన ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో ఇంకో చెంచాడు పడతాయి. గుట్టగా పోస్తే ఇంకా ఎక్కువ. కాబట్టి తట్టకుండా, చదునుగా, మూడుసార్లు కొలిచి తూచి సగటు తీసుకోండి. అది మీ గ్లాసు బియ్యం బరువు.

తూకం ఎప్పుడూ కడగకముందే. అరగంట నానిన బాస్మతి తన బరువులో పావు వంతు దాకా నీళ్లు పీల్చుకుంటుంది. నానాక తూచి 500 గ్రాములు తీస్తే, అందులో అసలు బియ్యం 400 గ్రాములే.

ఎక్కువమంది పొరపడేది నీళ్ల దగ్గర. 200 గ్రాముల బియ్యం తూచి, "ఒకటికి రెండు" కదా అని 400 మిల్లీలీటర్ల నీళ్లు పోస్తారు. అన్నం పలుకుగా మిగులుతుంది. ఎందుకంటే ఒకటికి రెండు అన్నది గ్లాసుల లెక్క. 200 గ్రాముల బియ్యం 250 మిల్లీలీటర్ల చోటు తీసుకుంటాయి, దానికి రెట్టింపు అంటే 500 మిల్లీలీటర్లు. వంద మిల్లీలీటర్లు తక్కువైంది! గ్లాసుల్లో ఒకటికి రెండు అయితే తూకంలో ఒకటికి రెండున్నర అని గుర్తుపెట్టుకోండి. గ్లాసుల్లో ఒకటిన్నర అయితే తూకంలో ఒకటికి రెండుకు కాస్త తక్కువ. కొత్త బియ్యమైతే ఇందులోనూ కొంచెం తగ్గించాలి, లేకపోతే ముద్దవుతుంది.

రైస్ కుక్కర్ వాడేవాళ్లకు ఒక మాట. దానితో వచ్చే కప్పు 240 కాదండీ, మామూలుగా 180 మిల్లీలీటర్లు. అందులో దాదాపు 150 గ్రాముల బియ్యం పడతాయి. గిన్నె లోపలి గీతలు ఆ కప్పుకు తగ్గట్టు వేసినవే. అంతకన్నా పెద్ద కప్పుతో నాలుగు కప్పుల బియ్యం పోసి 4వ గీత దాకా నీళ్లు పడితే నీళ్లు చాలవు. ఆ చిన్న కప్పు పోయినా ఇబ్బంది లేదు: 600 గ్రాములు తూచి, కడిగి, గిన్నెలో వేసి, 4వ గీత దాకా నీళ్లు పోయండి.