ముందు దాని ఫ్యాను వినండి

వేదిక మీదున్న పెద్దలకు, ముందు వరుసలో కూర్చున్న గురువులకు, వెనకాల తలుపు దగ్గర నిలబడ్డ తమ్ముళ్లకు నమస్కారం. ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి, లోపలికి రండి. పాటల రికార్డింగుకి, వీడియో ఎడిటింగుకి ఏ లాప్‌టాప్ కొనాలో ఒక పదిహేను నిమిషాలు చెప్పమన్నారు నన్ను. ఒక మోడల్ పేరు చెప్పి దిగిపోతే అరనిమిషం పని. కానీ ఆ పేరు వచ్చే దసరాకి పాతబడిపోతుంది. అందుకని పేరు చెప్పను, ఎలా చూసుకోవాలో చెబుతాను. మధ్యలో కొంచెం కోపం కూడా వస్తుంది, ఓర్చుకోండి.

రికార్డింగు, ఎడిటింగు అని ఒకే ఊపిరిలో అనేస్తాం గానీ ఆ రెండింటికీ అస్సలు పడదు. ఎడిటింగుకి బలం కావాలి. బలం కావాలంటే కరెంటు తాగుతుంది, కరెంటు తాగితే వేడెక్కుతుంది, వేడెక్కితే ఫ్యాను తిరుగుతుంది. రికార్డింగుకేమో నిశ్శబ్దం కావాలి. ఈ అత్తాకోడళ్లిద్దరినీ ఒకే ఇంట్లో సర్దాలి, అదీ మన బడ్జెట్లో. షాపులో ఈ ముక్క ఎవడూ చెప్పడు.

మా వీధిలో ఒక కుర్రాడున్నాడు. జానపదాలు పాడతాడు, తనే షూట్ చేసి, తనే కట్ చేసి యూట్యూబ్‌లో పెడతాడు. చిట్టీ పాడి ఆ డబ్బుతో లాప్‌టాప్ కొనడానికి వెళ్లాడు. పాటలు రికార్డు చేస్తానని స్పష్టంగా చెప్పాడు కూడా. షాపాయన ఏమన్నాడో తెలుసా? 'అన్నా, గేమింగ్ మోడల్ తీస్కో. గేమే ఆడుతుందంటే నీ పాట ఒక లెక్కా?' కీబోర్డు కింద రంగురంగుల లైట్లు వెలిగించి చూపించాడు. లైట్లతో పాట రికార్డవుతుందా అండీ?

దాన్ని పట్టుకుని మా గదికొచ్చాడు. ఆ రోజు నాట్ల పాటలు పాడే ఒక అవ్వను పిలిపించాం. చిన్న చప్పుడూ పట్టేసే కండెన్సర్ మైకు పెట్టాం, తలుపులు మూశాం, సీలింగ్ ఫ్యాను ఆపేశాం. అవ్వ ఎత్తుకుంది. రెండో చరణం దాటేసరికి లాప్‌టాప్ కింద నుంచి గాలి లేచింది. మనం పాటలో ఉన్నాం కదా, అప్పుడు చెవికి ఆనలేదు. తర్వాత హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వింటే అవ్వ గొంతు కింద ఒకటే 'ష్‌ష్‌ష్'. సాఫ్ట్‌వేర్‌లో నాయిస్ తీసేస్తే పోతుంది కదా అంటారు. తీశాం. దాంతోపాటు ఆవిడ ఊపిరి పోయింది, మాట చివర ఆ జీర పోయింది, నీళ్లలో మునిగి పాడినట్టు తయారైంది. ఇంకోసారి పాడమంటే, పాపం, పాడింది. కానీ మొదటిసారి పాడినట్టు రాలేదు. షాపుకెళ్లి అడిగితే 'ఫ్యాను తిరగడం డిఫెక్ట్ కాదన్నా' అన్నారు. నిజమే, డిఫెక్ట్ కాదు. అమ్మేటప్పుడు చెప్పకపోవడం మాత్రం ఏమిటి మరి?

సరే, అసలు విషయానికొస్తాను. స్టిక్కర్ చూసి మోసపోకండి. ఎన్‌విడియా కంపెనీ గ్రాఫిక్స్ కార్డు ఆర్‌టీఎక్స్ 4060 పేరు రెండు లాప్‌టాప్‌ల మీదా ఉంటుంది. ఒకదాంట్లో ఆ కార్డుకి 60 వాట్లు ఇస్తారు, ఇంకోదాంట్లో 115 ఇస్తారు. పేరు ఒక్కటే, పని ఒక్కటి కాదు. ఎన్ని వాట్లు అని అడగండి. కౌంటర్ దగ్గర సమాధానం రాకపోతే కంపెనీ సైట్లో స్పెసిఫికేషన్లు అక్కడే నిలబడి తెరిచి చూడండి.

ఇంకో తమాషా ఉంది. కొన్ని మిర్రర్‌లెస్ కెమెరాలు 10 బిట్, 4:2:2 వీడియోను, అంటే రంగుల వివరం ఎక్కువుండే వీడియోను, హెచ్.265 అనే కుదించే పద్ధతిలో రాస్తాయి. దాన్ని ఆడించడం ఎన్‌విడియా కార్డులకు 2025లో వచ్చిన 50 సిరీస్ దాకా చేతకాలేదు. అదే ఇంటెల్ ప్రాసెసర్‌లో ఊరికే వచ్చే గ్రాఫిక్స్ ఎప్పటినుంచో ఆడిస్తోంది. ఆపిల్ ఎం సిరీస్ చిప్పులూ ఆడిస్తాయి. అంటే లక్షన్నర పోసి కార్డు కొన్నా టైమ్‌లైన్ మీద వీడియో ఆగిఆగి నడవొచ్చు. అలా నడిస్తే మెషిన్ మార్చెయ్యకండి, ప్రాక్సీలు, అంటే ఎడిటింగు వరకు వాడుకునే తేలికపాటి నకళ్లు, చేసుకోండి. రాత్రి పెట్టి పడుకుంటే పొద్దునకి అయిపోతుంది.

మరి సౌండ్ లేనివి లేవా అంటే, ఉన్నాయి. మ్యాక్‌బుక్ ఎయిర్‌లో 2020 ఎం1 నుంచి ఫ్యానే లేదు. రికార్డింగుకి హాయి. అయితే పెద్ద వీడియో ఎక్స్‌పోర్ట్ పెడితే వేడెక్కి నెమ్మదిస్తుంది. పాట ముఖ్యం, వీడియో చిన్నది అనుకునేవాళ్లకి అది చాలు. పెళ్లిళ్లు, షార్ట్ ఫిల్ములు చేసేవాళ్లు ఫ్యానున్నదే కొనండి, కానీ సైలెంట్ మోడ్ ఉందో లేదో చూడండి. రికార్డింగప్పుడు ఆ మోడ్‌లో పెట్టి, పొడుగాటి కేబుల్ వేసి లాప్‌టాప్‌ను మైకుకి దూరంగా, మైకు వీపు వైపు పెట్టండి. మా కుర్రాడు ఇప్పుడు అలాగే లాక్కొస్తున్నాడు.

ర్యామ్ 16 జీబీకి తగ్గొద్దు. 4కె ఎడిటింగ్ చేస్తే 32. తర్వాత వేసుకోవచ్చులే అంటారు, ముందు స్లాటు ఉందో లేదో అడగండి. చాలా పల్చటి మోడళ్లలో బోర్డు మీదే అతికించేస్తారు. మ్యాక్‌లో అయితే కొన్న రోజు ఎంతో ఆఖరికీ అంతే. స్టోరేజీ సంగతి మీరే లెక్కేసుకోండి. 100 ఎంబీపీఎస్‌లో, అంటే సెకనుకి 100 మెగాబిట్లతో తీస్తే గంటకి 45 జీబీ. మూడు కెమెరాల పెళ్లంటే గంటకి 135. 512 జీబీ డిస్కు మంగళసూత్రం దాకా కూడా రాదు. ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొనాల్సిందే, రెండో కాపీ ఉండాల్సిందే.

ఇప్పుడు గాయకులకి. హెడ్‌ఫోన్స్‌లో మీ గొంతు మీకే ఆలస్యంగా వినిపిస్తే తాళం తప్పుతుంది. 48 కిలోహెర్ట్జ్‌లో, అంటే సెకనుకి 48 వేల శాంపిళ్లు తీసేటప్పుడు, బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకి పోగేసే శాంపిళ్లు) 1024 పెడితే లోపలికి వెళ్లడానికే 21 మిల్లీసెకన్లు, బయటికి రావడానికి మళ్లీ అంత. 128 పెడితే 3 లోపే. 128లో చిటపటలు రాకుండా నడవాలంటే పెద్ద ప్రాసెసర్ ఒక్కటే సరిపోదు, డ్రైవర్లు, అంటే లోపలి పరికరాలను నడిపే ప్రోగ్రాములు, బుద్ధిగా ఉండాలి. విండోస్‌లో వైఫై డ్రైవరే చాలాసార్లు దొంగ. లేటెన్సీమాన్ అని ఇలాంటి దొంగల్ని పట్టే ఉచిత ప్రోగ్రాం ఉంది, కొన్న మొదటి రోజే పది నిమిషాలు నడపండి. ఎరుపు చూపిస్తే వైఫై ఆపి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే రిటర్న్ గడువు దాటకముందే తిరిగి ఇచ్చెయ్యండి.

ఇది చెప్పకుండా దిగను. ఛార్జర్ పెడితే రికార్డింగులో 'జుమ్మ్' అని హమ్ వస్తుంది, లాప్‌టాప్ బాడీ ముట్టుకుంటే తగ్గుతుంది. ఎంతమందికి అనుభవం? అబ్బో, ఇన్ని చేతులా! ఛార్జర్ పీకి చూడండి. ఆగిపోయిందంటే లాప్‌టాప్ మార్చే ముందు సాకెట్ చూడండి. మన ఇళ్లలో చాలాచోట్ల ఎర్తింగ్ సరిగ్గా ఉండదు, లేదంటే మూడు పిన్నుల ప్లగ్గుని రెండు పిన్నుల్లోకి మార్చే అడాప్టర్ పెట్టేసి ఉంటాం. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అతనొచ్చేదాకా బ్యాటరీ మీద రికార్డు చేసుకోండి.

అయ్యా, అమ్మా, మీలో కొనేముందు షాపులో ఫ్యాను సౌండు విన్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇప్పుడు ఒక్క చెయ్యీ లేవలేదు చూశారా! చెప్పులు కొంటే వేసుకుని నాలుగడుగులు నడిచి చూస్తాం కదా. మీ సొంత ఫుటేజీ పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. ప్లే చేయించండి, పది నిమిషాలు అలా నడవనివ్వండి. మీరు మైకు పెట్టే దూరంలో ఫోన్ పెట్టి ఆ చప్పుడు రికార్డు చేసుకోండి. షాపు గోలలో సరిగ్గా వినపడదంటారా? మధ్యాహ్నం రెండింటికి వెళ్లండి, జనం ఉండరు. కుదరదన్నారా, పక్క షాపుకి వెళ్లండి. డబ్బులు మీవి.

చీటీ వచ్చింది, టైమైపోయిందట. లాప్‌టాప్ తెచ్చుకున్నవాళ్లు టీ తాగి ఆ మూల టేబుల్ దగ్గరికి రండి. మైకు, దాన్ని లాప్‌టాప్‌కి కలిపే ఇంటర్‌ఫేస్ పెట్టించాను. ఒక్కొక్కరిదీ ఫ్యాను విందాం, హమ్ చూద్దాం. ఛార్జర్లు కూడా పట్టుకురండి, మర్చిపోవద్దు.