"అందరినీ ఒకేలా చూస్తాం" అంటే సరిపోదు

అందరికీ నమస్కారం. నైట్ డ్యూటీ దిగి నేరుగా ఇటే వచ్చినవాళ్లు కూడా ఉన్నారట, నిద్రొస్తే కునుకు తీయండి, నేనేమీ అనుకోను. కాకపోతే మొదటి పది నిమిషాలు మాత్రం వినండి.

నర్సుల మీటింగుల్లో ఎల్జీబీటీక్యూ, అంటే లెస్బియన్, గే, బైసెక్సువల్, ట్రాన్స్ లాంటి పేషెంట్ల మాట ఎత్తగానే నాకు ఎప్పుడూ వచ్చే జవాబు ఒకటుంది. "మా వార్డులో అలాంటి తేడాలేం లేవు మేడమ్, మేం అందరినీ ఒకేలా చూస్తాం." ఈ మాట అనేవాళ్లు చెడ్డవాళ్లు కాదు, చాలామంది మంచి నర్సులే. కానీ నిజం చెప్పండి, మనం ఎవరినైనా ఒకేలా చూస్తామా? షుగర్ ఉన్న మనిషికీ లేని మనిషికీ ఒకే భోజనం పెట్టం. పెన్సిలిన్ పడనివాళ్ల కేస్ షీట్ మీద ఎర్ర ఇంకుతో రాసి పెడతాం. చెవులు సరిగ్గా వినపడని పెద్దాయనతో మాట్లాడాలంటే దగ్గరికి వెళ్లి, మన ముఖం కనపడేలా నిలబడి చెప్తాం. మనిషిని బట్టి మారడమే కదా మన పని. మరి ఈ ఒక్క విషయం దగ్గరికి వచ్చేసరికి అసలు ఏమీ తెలుసుకోకపోవడమే సమానత్వం ఎలా అయిపోయింది?

2019లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక కేసు అచ్చయింది. నర్సింగ్ చదివే ప్రతి ఒక్కరికీ అది పాఠంగా చెప్పాలని నా కోరిక. 32 ఏళ్ల ట్రాన్స్ పురుషుడు, అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా తాను మగవాడినని తెలుసుకుని అలాగే బతుకుతున్న మనిషి, విపరీతమైన కడుపునొప్పితో అమెరికాలో ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీకి వచ్చాడు. రికార్డులో మగ అని ఉంది. తాను ట్రాన్స్ అని ట్రయాజ్ నర్సుకి, అంటే ఎవరిని ముందు చూడాలో తేల్చే నర్సుకి చెప్పాడు, ఇంట్లో చేసుకున్న ప్రెగ్నెన్సీ టెస్ట్ పాజిటివ్ వచ్చిందనీ చెప్పాడు. బీపీ ఎక్కువగా ఉంది. ఒళ్లు లావుగా ఉన్న మనిషి, బీపీ మాత్రలు మానేశాడు, అంత అర్జెంట్ కాదు అనుకున్నారు. ప్రెగ్నెన్సీ పరీక్ష రాశారు గానీ తొందర పడలేదు. కొన్ని గంటల తర్వాత డాక్టర్ వచ్చి చూసేసరికి బొడ్డుతాడు కిందికి జారి ఉంది. హడావిడిగా ఆపరేషన్‌కి తీసుకెళ్లారు, అప్పటికే బిడ్డ గుండె ఆగిపోయింది.

ఇక్కడ ఆ నర్సుని తిట్టి చేతులు దులుపుకోవడం చాలా తేలిక. ఆమె అతన్ని వెక్కిరించలేదు, పొమ్మనలేదు, అడగాల్సిన పరీక్ష కూడా అడిగింది. ఇదే నొప్పి, ఇదే బీపీ, ఇదే పాజిటివ్ టెస్టుతో ఒక ఆడమనిషి వచ్చి ఉంటే మనలో ఫస్టియర్ స్టూడెంట్ కూడా లేబర్ రూమ్ వైపు పరిగెత్తేది. "మగ" అన్న ఒక్క గడి చూసి మెదడు మిగతా దారులన్నీ మూసేసుకుంది. ద్వేషం లేకుండా కూడా ప్రాణం పోతుంది, నేను ఇవాళ చెప్పదలుచుకున్నది అదే. మన మంచితనం మీద నాకు అనుమానం లేదు, కానీ ఆ మంచితనానికి కొంత సమాచారం కావాలి, ఆ సమాచారం పేషెంటు నోటి నుంచి రావాలి, అది రావాలంటే మనం అడగాలి.

"అడిగితే బాధపడతారేమో మేడమ్, గొడవ చేస్తారేమో." ఇది రెండో జవాబు. దీని మీద కూడా ఒక అధ్యయనం ఉంది, 2017లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో వచ్చింది. అమెరికాలో ఎమర్జెన్సీ విభాగాల్లో పనిచేసే డాక్టర్లు, నర్సుల్లాంటి వాళ్లని, లైంగిక ధోరణి, అంటే ఎవరి మీద ఆకర్షణ కలుగుతుందన్న దాని గురించి అడిగితే పేషెంట్లు చెప్పడానికి ఒప్పుకోరని అనుకుంటున్నారా అని అడిగితే దాదాపు 78 శాతం అవునన్నారు. అదే ప్రశ్న జనాన్ని అడిగితే, మేం చెప్పం అన్నవాళ్లు సుమారు 10 శాతమే. సిగ్గు ఎవరిదో చూడండి! మనం పేషెంటుని మలవిసర్జన ఎన్నిసార్లు, ఏ రంగులో, అని అందరి ముందూ గట్టిగా అడిగేవాళ్లం. ఈ ప్రశ్న దగ్గర మాత్రం మనకి గొంతు పెగలదు.

ఎలా అడగాలి? మొదటిది, అందరినీ అడగాలి. మనిషి నడక చూసో, జుట్టు చూసో, గొంతు విని అనుమానం వచ్చో కొందరినే అడిగితే అది ఆరా తీయడం అవుతుంది. రెండోది, ఎందుకు అడుగుతున్నామో ముందే చెప్పాలి. "ఈ ప్రశ్నలు మేం అందరినీ అడుగుతాం, మీకు ఏ పరీక్షలు అవసరమో తెలియడానికి. ఇష్టం లేకపోతే చెప్పనక్కర్లేదు." ఇంతే. తర్వాత, మిమ్మల్ని ఏ పేరుతో పిలవమంటారు అని. పెళ్లయిందా అని కాకుండా, ఇంట్లో మీతో ఎవరుంటారు, ఏదైనా నిర్ణయం తీసుకోవాల్సి వస్తే ఎవరిని పిలవమంటారు అని. తెర లాగి, గొంతు తగ్గించి, పక్క బెడ్ అటెండర్ చెవులు రిక్కించకుండా చూసుకుని అడగాలి. చెప్పింది ఎక్కడ రాయమంటారో కూడా అడగాలి, ఎందుకంటే ఆ కేస్ షీట్ రేపు వాళ్ల అన్నయ్య తిరగేయొచ్చు, ఇంట్లో తెలియని విషయం మన రాతతో తెలిసిపోతే ఆ మనిషి ఇంటికి వెళ్లే పరిస్థితే ఉండకపోవచ్చు. డయాగ్నోసిస్ బయటికి పొక్కనివ్వం కదా, ఇదీ అంతే.

మన భాష ఈ విషయంలో మనకి కొంచెం సాయం చేస్తుంది. ఎదురుగా ఉన్న మనిషిని మీరు అంటే చాలు. షిఫ్టు మారేటప్పుడు ఇచ్చే హ్యాండోవర్‌లో కూడా "ఆరో బెడ్ పేషెంట్ రాత్రి నిద్రపోయారు, డ్రిప్ అయిపోయింది, నొప్పి తగ్గిందన్నారు" అంటే ఏ తంటా లేదు. తంటా అంతా ఆ ఆరో బెడ్ దగ్గర నుంచి ఇవతలికి వచ్చాక నర్సింగ్ స్టేషన్‌లో గుసగుసగా వాడే మాటలతోనే. తెర అవతలికి అన్నీ వినపడతాయి.

ఇప్పుడు అసలైన క్లినికల్ సంగతులకి వద్దాం, ఇక్కడ కాస్త నిద్ర లేవండి. శరీరంలో ఏ అవయవం ఉందో దానికి సంరక్షణ కావాలి, రికార్డులో ఏ గడి టిక్ చేశారన్నది తర్వాత. గర్భాశయ ముఖద్వారం ఉన్న ట్రాన్స్ పురుషుడికి పాప్ పరీక్ష, అంటే అక్కడి క్యాన్సర్‌ని ముందే పసిగట్టే పరీక్ష, కావాలి. ఫారంలో మగ అని ఉంటే కంప్యూటర్ అతనికి ఎప్పటికీ రిమైండర్ పంపదు. ఇంకో ఇబ్బంది, టెస్టోస్టిరాన్ వాడేవాళ్లలో ఆ కణజాలం పలచబడుతుంది, శాంపిల్ సరిపోలేదని ల్యాబ్ వెనక్కి పంపడం ఎక్కువ, మళ్లీ రమ్మంటే చాలామంది రారు, ఎందుకంటే మొదటిసారి రావడానికే ఎంతో ధైర్యం చేసుకుని ఉంటారు. అందుకే ల్యాబ్ ఫారం మీద హార్మోన్ వాడుతున్నారని రాయాలి, పరీక్ష నెమ్మదిగా, చెప్పి చెప్పి చేయాలి. ట్రాన్స్ మహిళకి జననాంగ శస్త్రచికిత్స అయినా ప్రోస్టేట్ సాధారణంగా లోపలే ఉంటుంది. ఈస్ట్రోజన్ వాడుతుంటే ప్రోస్టేట్ క్యాన్సర్ కోసం చూసే రక్తపరీక్ష పీఎస్ఏ అంకె కిందికి వచ్చేస్తుంది, కాబట్టి రిపోర్టులో నార్మల్ అని ఉన్నంత మాత్రాన నిశ్చింత పడకూడదు. మూత్రం గొట్టం, అదే కాథెటర్ వేసేముందు ఏ ఆపరేషన్ అయిందో అడగకుండా వేస్తే గాయం చేస్తాం. టెస్టోస్టిరాన్‌తో హిమోగ్లోబిన్ పెరుగుతుంది, అప్పుడు ఆడవాళ్ల రేంజ్‌తో పోల్చి ఎక్కువైందని కంగారు పడటమో, లేదా రక్తం తగ్గినా గమనించకపోవడమో జరగొచ్చు. ఛాతీ చదునుగా కనపడటానికి బిగుతుగా బైండర్ కట్టుకున్న మనిషి ఆయాసంతో వస్తే తీయక తప్పదు, అయితే కత్తెర పట్టుకుని మీద పడకుండా, ఎందుకు తీయాలో చెప్పి, కప్పడానికి దుప్పటి చేతికిచ్చి తీయండి.

దీనికి తిరగేసిన తప్పూ ఉంది. ట్రాన్స్ మనిషి జలుబుతో వచ్చినా, చెయ్యి విరిగి వచ్చినా అది హార్మోన్ల వల్లేనేమో అని మొదలుపెట్టడం. వాళ్ల శస్త్రచికిత్సల గురించి ఆసక్తి కొద్దీ అడిగేయడం, ఇంకా ఘోరం, "రండి రండి చూద్దురు గానీ" అని స్టూడెంట్లని పిలవడం. చెయ్యి విరిగితే కట్టు కట్టండి.

లెస్బియన్ మహిళల విషయంలో ఒక అపోహ నర్సుల్లోనే ఉంది, మగవాళ్లతో సంబంధం లేదు కాబట్టి పాప్ పరీక్ష అక్కర్లేదని. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి కారణమయ్యే హెచ్‌పీవీ వైరస్ స్త్రీల మధ్య కూడా సోకుతుంది. పరీక్ష కావాలి. హెచ్ఐవీ గురించి ఒక్క ముక్క. పార్ట్‌నర్-2 అధ్యయనం 2019లో లాన్సెట్‌లో వచ్చింది, ఒకరికి హెచ్ఐవీ ఉండి మందులతో వైరస్ అణిగిపోయిన 782 గే జంటల్ని గమనించారు, కండోమ్ లేని సంభోగాలు సుమారు 76,000, ఆ భాగస్వామి నుంచి ఇంకొకరికి సోకినవి సున్నా. అయినా బెడ్ ముందు ఎర్ర స్టిక్కరు అంటించే వార్డులు ఇంకా ఉన్నాయంటే అది ఇన్ఫెక్షన్ కంట్రోల్ అవదు.

మన వృత్తి చరిత్రలో రెండు మొహాలూ ఉన్నాయి. స్వలింగ ఆకర్షణని జబ్బుగా లెక్కగట్టిన రోజుల్లో, ఇరవయ్యో శతాబ్దం మధ్యలో, బ్రిటన్ మానసిక ఆసుపత్రుల్లో మగవాళ్లకి మగవాళ్ల ఫొటోలు చూపిస్తూ వాంతులయ్యే ఇంజెక్షన్లు ఇచ్చేవాళ్లు, కరెంటు షాకులు ఇచ్చేవాళ్లు. ఆర్డరు డాక్టరుది. సిరంజి పట్టుకున్నది చాలాసార్లు నర్సే. ప్రపంచ ఆరోగ్య సంస్థ స్వలింగ ఆకర్షణని జబ్బుల జాబితాలోంచి తీసేసింది 1990 మే 17న, ట్రాన్స్ గుర్తింపుని మానసిక రుగ్మతల అధ్యాయం నుంచి బయటికి తెచ్చిన ఐసీడీ-11, అంటే అదే సంస్థ జబ్బుల జాబితా కొత్త కూర్పు, అమల్లోకి వచ్చింది 2022లో. ఎంత ఆలస్యమో మీరే చూడండి.

రెండో మొహం శాన్ ఫ్రాన్సిస్కో జనరల్ ఆసుపత్రి, 1983, వార్డు 5బి. ఎయిడ్స్ పేషెంట్ల గది తలుపు బయటే భోజనం ట్రే పెట్టి వెళ్లిపోయే రోజులవి. అప్పుడు క్లిఫ్ మారిసన్ అనే నర్సు ముందుండి ఆ వార్డు పెట్టించాడు. అక్కడ పనిచేయడానికి నర్సులు తమంతట తాము ముందుకొచ్చారు. చెయ్యి పట్టుకున్నారు, మంచం మీద పక్కన కూర్చున్నారు, ఎవరు కుటుంబమో పేషెంటునే చెప్పమన్నారు. ఈ చివరిది చిన్న మాట అనుకోకండి. అమెరికాలో ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ డబ్బు తీసుకునే ఆసుపత్రులన్నీ పేషెంటు కోరిన మనిషిని, స్వలింగ భాగస్వామి అయినా సరే, లోపలికి రానివ్వాలని నిబంధన వచ్చింది 2011లో. ఒక వార్డు నర్సులు ఇరవై ఏడెనిమిదేళ్ల ముందే చేసి చూపించిన పని అది. ప్రభుత్వం రూలు పెట్టేదాకా ఆగక్కర్లేదని నేను అనేది అందుకే, వార్డులో చాలా విషయాలు ఇన్‌ఛార్జ్ సిస్టర్ చేతిలోనే ఉంటాయి.

ఇక మన సంగతి. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కూడా గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్ నర్సులు ఉంటారు, ఉన్నారు. పెళ్లెప్పుడు అని ప్రతి షిఫ్టులో అడిగించుకునేవాళ్లు, భాగస్వామి ఐసీయూలో ఉంటే "ఫ్రెండ్‌కి బాలేదు" అని సెలవు అడగాల్సి వచ్చేవాళ్లు, ఆ సెలవు దొరకనివాళ్లు. లైసెన్సు మీద ఒక పేరు, బ్యాడ్జి మీద ఇంకో పేరు ఉన్న నర్సుని సెక్యూరిటీ గేటు దగ్గర రోజూ ఆపుతుంటే డ్యూటీకి ఏ మనసుతో వస్తారు? మనస్తత్వవేత్త ఇలాన్ మేయర్ 2003లో మైనారిటీ ఒత్తిడి అని వివరించింది ఇదే. పెద్ద దెబ్బలే కాదు, ఎప్పుడు ఎవరేమంటారో అని రోజంతా కాచుకుని ఉండే టెన్షన్ కూడా మనిషిని తినేస్తుంది. పేషెంట్లలో డిప్రెషన్, సిగరెట్లు, ఆత్మహత్య ఆలోచనలు ఎక్కువగా ఉండటానికి వాళ్ల స్వభావం కారణం కాదు, ఈ వివక్ష, ఈ కాపలా కాసుకోవడమే. స్టాఫ్‌రూమ్‌లో ఎవరినో వెక్కిరిస్తుంటే నవ్వే వార్డులో పేషెంటు మనసు విప్పి చెప్పుకుంటాడని నేను నమ్మను.

ఎవరైనా పేషెంటు "ఆ నర్సు నాకొద్దు" అన్నారనుకోండి. ఇన్‌ఛార్జ్‌లు తేలిక దారి వెతుక్కుంటారు, బెడ్లు మార్చేస్తారు, ఆ నర్సుకి మాత్రం ఏమీ చెప్పరు. అలా కాదు. పేషెంటు దగ్గరికి ఇన్‌ఛార్జ్ స్వయంగా వెళ్లి, ఈవిడ మా స్టాఫ్, పని బాగా తెలిసినవాళ్లు, మీ డ్రెస్సింగ్ ఈవిడే చేస్తారు అని చెప్పాలి. అప్పటికీ కాదంటే చేసేది వేరే ఆలోచిద్దాం, కానీ ఆ నర్సుని ముందు అడిగి.

చదువు విషయానికొస్తే పరిస్థితి ఏం బాగోలేదు. అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళి 2012 పాఠంలోనే లైంగిక ధోరణి కారణంగా సంరక్షణలో తేడా చూపకూడదని ఉంది. కానీ 2005 నుంచి 2009 దాకా పేరున్న పది నర్సింగ్ జర్నల్స్ తిరగేసిన పరిశోధకులకి దాదాపు 5,000 వ్యాసాల్లో ఈ విషయం మీద దొరికినవి ఎనిమిది. ఎనిమిదే! ట్యూటర్లకి నా విన్నపం, దీనికి వేరే చాప్టర్ పెట్టి, పరీక్షకి ఇంపార్టెంట్ అని చెప్పి వదిలేయొద్దు. గుండెజబ్బు పాఠంలో వచ్చే పేషెంటు ట్రాన్స్ మహిళ కావచ్చు, వృద్ధుల సంరక్షణలో నలభై ఏళ్లుగా కలిసి బతికిన ఇద్దరు మగవాళ్లు రావచ్చు, ప్రసూతి పాఠంలో బిడ్డకి ఇద్దరు తల్లులు ఉండొచ్చు. వాళ్లు పాఠంలో మామూలు పేషెంట్లుగా రావాలి, వాళ్ల సమస్య కూడా చాలాసార్లు మామూలు సమస్యే అయి ఉండాలి.

ఎల్జీబీటీక్యూ మనుషులు నాతో ధైర్యంగా మాట్లాడొచ్చు అని చెప్పే రెయిన్‌బో బ్యాడ్జి గురించి అడిగారు ఒకరు. ఇంగ్లండ్‌లో 2018లో లండన్ ఎవిలీనా పిల్లల ఆసుపత్రిలో మొదలై మిగతా ఎన్‌హెచ్ఎస్, అంటే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ, ఆసుపత్రులకి పాకింది. మంచిదే, పెట్టుకోండి. కాకపోతే దాన్ని చూసి ఒక పదహారేళ్ల పిల్లో పిల్లాడో మీ దగ్గరికి వచ్చి ఏదో చెప్పుకుంటే ఏం చేయాలో, ఎవరి దగ్గరికి పంపాలో తెలుసుకున్నాకే పెట్టుకోండి.

నేను ఆపేస్తున్నాను. మీ వార్డుల్లో వాడే అడ్మిషన్ ఫారం ఖాళీ కాపీ తెచ్చుకోమన్నాం కదా, బయటికి తీయండి. నలుగురేసి కూర్చుని, అందులో మీకు ఇబ్బందిగా అనిపించిన గడులు కొట్టేసి పక్కన ఏం రాస్తారో రాయండి. ప్రశ్నలుంటే మైక్ అటు పంపిస్తున్నాను, నాతో ఒప్పుకోనివాళ్లే ముందు అడగండి.