ఆకలిని గురించి మాట్లాడిన బోధకుడు

గౌరవనీయులైన అధ్యక్షులవారికి, వేదిక మీది అయ్యగార్లకు, సంఘ పెద్దలకు, సోదరీసోదరులకు నా వందనాలు. మెథడిస్టు బోధకుల సేవను గురించి మాట్లాడమన్నారు. మెదక్ దేవాలయం కట్టించిన పాస్నెట్ దొరగారిని గురించి మీకు నేను చెప్పవలసిన పని లేదు. ఆయనను పంపిన వెస్లియన్ మెథడిస్టు సంఘమే అంతకు ముందు తరాలలో దూరం చేసుకున్న ఒక బోధకుని గురించి మాత్రం తప్పక చెప్పాలి.

జోసెఫ్ రేనర్ స్టీఫెన్స్ 1805లో ఎడింబరోలో ఒక మెథడిస్టు బోధకుని ఇంట పుట్టారు. స్టాక్‌హోంలో మిషనరీగా పనిచేసి, తిరిగి వచ్చాక మాంచెస్టరు దగ్గరి ఆష్టన్ పట్టణంలో నూలు మిల్లుల నడుమ సేవకు కుదిరారు. ప్రభుత్వానికీ ఇంగ్లండు సంఘానికీ ఉన్న ముడి తెగిపోవాలని బహిరంగంగా వాదించినందుకు 1834లో మెథడిస్టు సంఘ పాలక సభ అయిన కాన్ఫరెన్సు ఆయనను విచారించి సస్పెండు చేయగా, ఆయన రాజీనామా చేసి బయటికి వచ్చారు. విశ్వాసులలో కొందరు ఆయన వెంటే నడిచారు.

ఆ విశ్వాసులు ఎవరో గమనించండి. మిల్లులో తెగిన నూలుపోగులను పరుగున వెళ్లి అతికే పిల్లల తల్లిదండ్రులు. 1833 చట్టం వచ్చిన తరువాత కూడా పదమూడేళ్లు నిండిన పిల్లవాని చేత రోజుకు 12 గంటలు పని చేయించుకోవచ్చు. పని లేక పేదల శాలలో చేరితే, 1834 నాటి కొత్త పేదల చట్టం ప్రకారం భర్త ఒక వైపు, భార్య ఒక వైపు, పిల్లలు మరో వైపు. "దేవుడు జతపరచినవారిని మనుష్యుడు వేరుపరచకూడదు" అన్న వాక్యాన్ని మనం పెళ్లిళ్లలో చదువుతాము. స్టీఫెన్స్ దానిని ఆ చట్టానికి ఎదురుగా నిలిపారు.

1838 సెప్టెంబరులో మాంచెస్టరు దగ్గర కెర్సల్ మూర్ మైదానంలో, శ్రామికులకు ఓటు హక్కు కోరే చార్టిస్టులు జరిపిన మహాసభలో, ఓటు హక్కు అనేది చివరికి రొట్టె ముక్క ప్రశ్నే అని ఆయన చెప్పారు. కష్టపడే ప్రతి మనిషికి ఒంటి మీద మంచి కోటు, తలదాచుకునే ఇల్లు, బల్ల మీద కడుపునిండా భోజనం, ఆరోగ్యం చెడని పని, దానికి తగిన కూలి హక్కుగా ఉండాలన్నారు. అయ్యా, ఇందులో వాక్య విరుద్ధమైనది ఏముంది? పగలంతా మిల్లులోనే గడిచిపోతుంది గనుక ఆ జనం రాత్రిపూట కాగడాలు పట్టుకుని సభలకు వచ్చేవారు. ఆ ఏడాది డిసెంబరులో ఆయనను అరెస్టు చేశారు. 1839లో 18 నెలల జైలుశిక్ష పడింది.

ఆయన మాటలు హద్దు మీరిన సందర్భాలున్నాయి. ఆ పేదల చట్టం అమలైతే న్యూకాసిల్ నగరం తగలబడాలన్నంత దూరం వెళ్లారు. దానిని నేను సమర్థించను. కోర్టులో చార్టిస్టులతో తనకు సంబంధం లేదన్నప్పుడు, నమ్మినవారి మనసు ఎంత నొచ్చుకుని ఉంటుందో ఊహించగలను. అయినా జైలు నుంచి వచ్చాక ఆయన పేదల పక్షం విడువలేదు. ఆయన కోరిన 10 గంటల పనిదినం, మిల్లుల్లో స్త్రీలకు, పద్దెనిమిదేళ్ల లోపువారికి 1847లో చట్టమైంది. ఆయన 1879లో కన్నుమూశారు. స్టేలీబ్రిడ్జి పార్కులో ఆయన జ్ఞాపకార్థం స్తంభం ఉంది.

సండే స్కూలు టీచర్లు ఇక్కడ ఉన్నారు గనుక అడుగుతున్నాను: మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన వెస్లీ సోదరులను గురించి పిల్లలకు చెప్పే ఆదివారాలలో ఒకటి, దయచేసి, ఈయనకు ఇవ్వండి. ఆ పాఠం రాసి ఇచ్చే బాధ్యత నాది.