అర్ధరాత్రి శాండ్‌విచ్‌లు: ఏది ముందు చెప్పాలి, ఏది ముందు తినాలి

రాత్రి పదకొండు దాటాక చిన్న హోటల్లో ఏం బాగుంటుందో మెనూ కార్డు చెప్పదు. పెనం చెబుతుంది. అందుకే కూర్చునే ముందు ఒక్క నిమిషం కౌంటర్ దగ్గర నిలబడండి.

ఇదిగో, ఈ టమాటా గిన్నె చూడండి. అడుగున నీళ్లు చేరాయి కదా? ఎప్పుడో కోసి ఉప్పు చల్లారన్నమాట. ఆ నీళ్లన్నీ బ్రెడ్డే పీల్చుకుంటుంది. ‘ఒక కాయ ఇప్పుడు కోసి వేస్తారా’ అని అడగండి, మొహమాటం వద్దు.

చికెన్ విషయంలో మాత్రం రాజీ పడకండి. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య బ్యాక్టీరియా జోరుగా పెరుగుతుంది. ఉడికిన ముక్కలు బయట రెండు గంటలు దాటి ఉంటే వదిలేయండి. మళ్లీ వేడి చేస్తే బ్యాక్టీరియా చస్తుందేమో గానీ, కొన్ని రకాలు అప్పటికే వదిలిన విషం అలాగే ఉంటుంది. పచ్చి గుడ్డుతో అక్కడే చేసిన మయొనేజ్ కూడా ఈ వేళప్పుడు వద్దు. ఆమ్లెట్ శాండ్‌విచ్ అయితే ఎదురుగానే గుడ్డు కొట్టి వేస్తారు, నా ఓటు దానికే.

ఇద్దరు వెళ్తే మూడు రకాలు చాలు. ఒక్కోటి నాలుగు ముక్కలు చేయించండి. మూడూ ఒకేసారి చెప్పారో, మూడోదాని దగ్గరికి వచ్చేసరికి అది చల్లారి మెత్తబడుతుంది. ఒకటి తింటుండగా ఇంకోటి చెప్పండి. ముందు కూరగాయలది, తర్వాత గుడ్డుది, ఆఖర్న కారంది. కారం ముందు తింటే నాలుక మండుతూ మిగతావాటి రుచి తెలియదు. మండినప్పుడు నీళ్లు కాదు, పాలు తాగండి.

చీజ్ శాండ్‌విచ్ ఇలా విప్పి చూడండి. బ్రెడ్ మాడింది, లోపల చీజ్ మాత్రం బిళ్లలాగే ఉంది. మంట ఎక్కువైంది, అంతే. సన్న సెగ మీద మూతపెట్టి ఇంకాసేపు ఉంచమనండి. వెన్న అంచుల దాకా రాయమనండి, తడి బ్రెడ్‌లోకి దిగకుండా అదే అడ్డు. టమాటా బ్రెడ్‌కి తగలకుండా చీజ్‌కీ ఆకుకీ మధ్య ఉండాలి.

వచ్చిన ముక్కల్ని ప్లేట్‌లో బోర్లా పడుకోబెట్టకండి. ఆవిరి కింద చిక్కుకుని, కరకరలాడే అడుగు కాస్తా తడిసిపోతుంది. ఇలా ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి.

మిగిలితే పార్శిల్‌కి ఫాయిల్ వద్దు, కాగితం అడగండి. కట్టేటప్పుడు ఒక కొస తెరిచే ఉంచమనండి.